ప్రోగ్రామింగుకు ఏ మానిటర్: మూడు తెరలు మారాక నాకు తెలిసింది

గత ఏడేళ్లలో కోడ్ రాయడానికి, చదవడానికి నేను మూడు మానిటర్లు వాడాను. మొదటి రెండేళ్లు 24 అంగుళాల 1920×1080 తెర (అడ్డంగా 1920, నిలువున 1080 పిక్సెళ్లు, అంటే చిత్రాన్ని ఏర్పరచే చుక్కలు), ఆ తరువాత మూడేళ్లు 34 అంగుళాల 3440×1440 అల్ట్రావైడ్ (బాగా వెడల్పైన తెర), ఇప్పుడు రెండేళ్లుగా 28.2 అంగుళాల 3840×2560. ఈ చివరి దాని ఆకారం, అంటే వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి, 3:2. అంటే మామూలు 16:9 తెరల కన్నా చదరానికి దగ్గరగా ఉంటుంది. మూడూ వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: కోడ్ రాసేవారు ముందు చూడవలసింది తెర ఎత్తు, ఆ తరువాత అక్షరాల స్పష్టత, ఆ రెండూ కుదిరాకే వెడల్పు.

ఎడిటర్, టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో), బ్రౌజర్ మూడూ పక్కపక్కనే కనిపించాలన్న కోరికతో అల్ట్రావైడ్ కొన్నాను. ఆ కోరిక తీరిన మాట నిజమే. కానీ 34 అంగుళాలని (మూల నుంచి మూలకు కొలత) చెప్పే ఆ తెర ఎత్తు దాదాపు 33 సెంటీమీటర్లే, అంటే 27 అంగుళాల 16:9 తెరకు ఉండేంతే. నిలువున 1440 పిక్సెళ్లు. వరుసకు 20 పిక్సెళ్ల చొప్పున 72 వరుసలు పడతాయి, ట్యాబులూ టెర్మినలూ అందులోంచే చోటు తీసుకుంటాయి. కోడ్ పెరిగేది కిందికి. వరుస 80 లేదా 100 అక్షరాలు దాటకూడదని నియమం పెట్టుకున్న బృందాలు చాలా ఉన్నాయి కనుక, ఎంత వెడల్పు ఉన్నా కుడివైపు ఖాళీగానే మిగిలేది; పొడవైన ఫంక్షన్ మాత్రం సగమే కనిపించేది. పైగా తెర వెడల్పు 80 సెంటీమీటర్లు కావడంతో, కుడి అంచున ఉన్న డాక్యుమెంటేషన్ చదవడానికి రోజంతా మెడ తిప్పి తిప్పి సాయంత్రానికి నొప్పి పుట్టేది. చివరికి పనంతా మధ్య భాగానికే తెచ్చుకున్నాను.

3:2 తెర వెడల్పు 27 అంగుళాల తెరతో సమానంగా సుమారు 60 సెంటీమీటర్లు, ఎత్తు మాత్రం 6 సెంటీమీటర్లు ఎక్కువ. 150 శాతం స్కేలింగులో (అక్షరాలను ఒకటిన్నర రెట్లు పెద్దగా చూపే అమరికలో) పని చోటు 2560×1707 అవుతుంది, అంటే అదే అక్షర పరిమాణంలో 85 వరుసలు. రెండు ఫైళ్లు పక్కపక్కనే పట్టాక కూడా ఫైళ్ల జాబితాకు చోటు మిగులుతుంది. ఈ పదమూడు వరుసల తేడా కాగితం మీద చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ ఇతరుల కోడును సమీక్షించేటప్పుడు పాత రూపం, కొత్త రూపం రెండూ మొదటి నుంచి చివరి దాకా ఒకేసారి కంటికి ఆనితే, పైన చదివింది గుర్తుంచుకుంటూ కిందికి జరపవలసిన శ్రమ తప్పుతుంది. నేను ఈ తెరను వదలలేకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

స్పష్టత సంగతికి వస్తే, అంగుళానికి పిక్సెళ్లు నా మొదటి తెరలో సుమారు 92, అల్ట్రావైడ్‌లో 110, దీనిలో 164. సెమికోలన్‌కూ కోలన్‌కూ మధ్య తేడా వెతుక్కోవలసిన అవసరం ఇప్పుడు లేదు. తెలుగు అనువాద ఫైళ్లు సరిచూసేటప్పుడు మరీ తెలిసింది: 92 వద్ద వత్తులు అక్షరం కింద మసక చుక్కల్లా ఉండేవి, ఇప్పుడు ఏ వత్తో ఇట్టే తెలుస్తుంది. అయితే మాక్ వాడేవారు ఒక విషయం గమనించాలి. ఇలాంటి మధ్యస్థ స్కేలింగులో మాక్‌ఓఎస్ చిత్రాన్ని పెద్దదిగా గీసి తెరకు తగ్గట్టు కుదిస్తుంది కనుక అక్షరాల అంచులు కొంచెం మెత్తబడతాయి. వారికి 27 అంగుళాల 5120×2880 తెర బాగా నప్పుతుంది. అందులో సరిగ్గా రెండింతల స్కేలింగ్ పడుతుంది.

16:9 తెరను నిలువుగా తిప్పుకోవడం కూడా కొన్నాళ్లు ప్రయత్నించాను. వరుసలు బోలెడు వచ్చాయి కానీ పై అంచు చూడటానికి తల ఎత్తవలసి వచ్చింది, విండోస్‌లో అక్షరాల అంచున రంగులు తేలాయి.

లోపాలూ ఉన్నాయి. ఈ ఆకారంలో దొరికే మోడళ్లు చాలా తక్కువ, నాది 60 హెర్ట్జ్‌కే (సెకనుకు 60 సార్లు చిత్రం మారడానికే) పరిమితం, వీడియోలకు పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. 3:2 దొరకనివారికి 27 అంగుళాల 3840×2160 తెరనే సూచిస్తాను. ఏది కొన్నా ల్యాప్‌టాప్‌లోని పోర్టును ముందుగా చూసుకోండి. నా పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 (ఇన్ని పిక్సెళ్ల తెరకు 30 హెర్ట్జ్‌కు మించి పంపలేని పాత రకం పోర్టు) మాత్రమే ఉండటంతో మొదటి వారమంతా 30 హెర్ట్జ్‌లో మౌస్ బాణం తడబడుతుంటే తప్పు మానిటర్‌దేననుకున్నాను. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మరో ల్యాప్‌టాప్‌కు తగిలించాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.