"ఏడాది పాత బియ్యం" అని వీధిలోకి వచ్చే బస్తాలతో జాగ్రత్త: మూట విప్పకుండా డబ్బు ఇవ్వకండి

బియ్యం ధర పెరుగుతుందన్న మాట పుడితే చాలు, గోదావరి డెల్టా ఊళ్లలోకి ట్రాలీ ఆటోలు దిగిపోతాయి. "మిల్లు నుంచి నేరుగా తెచ్చామండి, ఏడాది పాత సోనా, బజారు కన్నా తక్కువ, వచ్చే నెల ఈ రేటుకి దొరకదు" అంటారు. చేతిలో ఒక పొట్లం విప్పి చూపిస్తారు. ఆ పొట్లంలో గింజకు వంక పెట్టలేం. తేడా అంతా కుట్టేసిన సంచిలో ఉంటుంది. ఒక బస్తా కొనేవాడు జాగ్రత్తగానే చూస్తాడు. రేటు భయంతో ఆరు బస్తాలు దింపించుకునేవాడు ఒక్కటి కూడా విప్పడు, వాళ్లకు కావలసింది ఆ గిరాకీయే.

ఇక్కడి మిల్లు ధర ఎప్పుడూ కాకినాడ రేవు వైపు చూస్తూ ఉంటుంది. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. 2024 సెప్టెంబరు చివర్లో మళ్లీ తెరిచింది. ఆపినా పుకారే, తెరిచినా పుకారే. తుపాను వస్తే ఇక చెప్పక్కర్లేదు. పుకారు వినబడ్డ వారంలో ఇంటి ముందుకు వచ్చిన బియ్యాన్ని మామూలు రోజుల కన్నా రెండింతలు అనుమానంగా చూడాలి.

మొదటి మోసం వయసు విషయంలో. పచ్చి బియ్యం, అంటే వడ్లను ఉడకబెట్టకుండా, ఆవిరి పట్టకుండా ఆడించినవి, కనీసం ఆరు నెలలు నిలవుంటేనే అన్నం పొడిపొడిగా వస్తుంది, ఎసరు ఎక్కువ పడుతుంది, ఒదుగుతుంది. నవంబరు, డిసెంబరుల్లో కోసిన సార్వా వడ్లను కాసేపు ఆవిరి పట్టి, ఆరబెట్టి మర పడితే ఆ పొడితనం కొంత అప్పుడే వచ్చేస్తుంది. దీన్నే స్టీమ్ బియ్యం అంటారు. తినడానికి దానిలో తప్పేం లేదు, స్టీమ్ అని చెప్పి అమ్మితే అది నిజాయతీ వ్యాపారమే. సంక్రాంతికి మర పట్టిన స్టీమ్ బియ్యాన్ని "పోయినేటివి" అని పాత బియ్యం రేటుకు అంటగట్టడం మోసం. గుప్పెడు గింజలు నల్లగుడ్డ మీద పోసి వెలుతురులో చూడండి. పచ్చి బియ్యంలో కొన్ని గింజల పొట్ట దగ్గర సుద్దలాంటి తెల్ల మచ్చ ఉంటుంది. ఆవిరి పట్టిన గింజలో ఆ మచ్చ బాగా తగ్గిపోయి, గింజంతా ఒకే తీరున గాజులా కాస్త పసుపు డాలు కొడుతుంది.

కొత్త పచ్చి బియ్యాన్నే పాతవని ఇస్తుంటే అది పొయ్యి మీద తేలుతుంది, స్టీమ్ బియ్యాన్ని మాత్రం ఈ వంట పట్టివ్వలేదు. పొట్లంలోవి వద్దు, మీరు దింపించుకునే సంచి కుట్టు విప్పించి మధ్యలోంచి కిలో తీసుకోండి. గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి రెండున్నర గ్లాసుల నీళ్లతో వండండి. కొత్త పచ్చి బియ్యమైతే అన్నం ముద్దవుతుంది, గంజి జిగురుగా చిక్కగా వస్తుంది. పాతదైతే ఆ నీళ్లు పీల్చుకుని గింజ విడిగా నిలుస్తుంది. ఒక పూట వంట ఖర్చు, అంతే. "రేపు రండి, వండి చూసి చెబుతాం" అనండి. నిజంగా మిల్లు సరుకైతే రేపూ వస్తాడు.

రెండోది తడిసిన ధాన్యం, నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డది ఇదే. కోతల వేళ వాన పడితే పనల మీద వడ్లు మొలకెత్తుతాయి, రంగు మారతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా, రెండూ వరి చేతికొచ్చే రోజుల్లోనే వచ్చాయి. అలాంటి ధాన్యాన్ని గట్టిగా పాలిష్ పడితే పైకి తెల్లగానే ఉంటుంది. అందుకని కంటిని కాదు, ముక్కును నమ్మండి. సంచిలో పురుగు మందు గోళీలు, పొట్లాలు లేవని చూసుకున్నాక మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలి గుప్పెడు తీసి, అరచేతుల మధ్య రుద్ది వాసన చూడండి. ముక్కిన వాసన ఏ కాస్త ఉన్నా వద్దు. కడిగితే పోయినట్టుంటుంది, వండగానే మళ్లీ వస్తుంది. పంటి కింద గింజ టప్పున విరగాలి. మెత్తగా నలిగితే చెమ్మ ఉన్నట్టే. నిలవ చేసే బియ్యంలో తేమ నూటికి 14 దాటకూడదు, వడ్లయితే 13 లోపు ఉంటే మేలు.

మూడోది చౌక డిపో బియ్యం. దాన్ని మళ్లీ పాలిష్ పట్టి, రంగు రంగుల సంచిలో పోసి తిప్పి అమ్ముతారు. దీన్ని పట్టుకోవడానికి ఒక మంచి గుర్తుంది. చౌక డిపోల ద్వారా ఇచ్చిన బలవర్ధక బియ్యంలో నూరు గింజలకు ఒకటి చొప్పున, పిండితో అచ్చుపోసిన పోషకాల గింజ కలిపేవారు. "ప్లాస్టిక్ బియ్యం" అని జనం భయపడేది దాన్నే, నిజానికి దానితో భయం లేదు. గింజ కాస్త మబ్బుగా, మిగతావాటికన్నా వేరే రంగులో ఉంటుంది, నీళ్లలో పోస్తే చాలావరకు పైకి తేలుతుంది. బలవర్ధక బియ్యమని గుర్తు ముద్రించని "సోనా" సంచిలో అవి కనబడితే ఆ బియ్యం ఎక్కడివో మీకు అర్థమైనట్టే. కొన్నవాళ్లు కూడా చిక్కుల్లో పడొచ్చు కాబట్టి చవక అని ఆశపడొద్దు.

గింజ సైజు కూడా చూడండి. సంచి మీద బీపీటీ (బాపట్ల సాంబ మసూరి, సన్న రకం) అని ఉంటుంది, లోపల రెండు మూడు సైజుల గింజ ఉంటుంది. డెల్టాలో దశాబ్దాలుగా చేలు నింపిన మారుటేరు పరిశోధన కేంద్రం వంగడం స్వర్ణ, ఎంటీయూ 7029, బీపీటీ కన్నా కాస్త లావు. ఆ రెండూ కలిపేస్తే కుక్కర్లో ఒకటి ఉడికేసరికి ఇంకొకటి పలుకుగా ఉంటుంది. దాళ్వా (రబీ పంట) బియ్యమైతే ఏప్రిల్ ఎండకు గింజ లోపలే చిట్లి నూక ఎక్కువ. నిలవకు సార్వా బియ్యమే తీసుకోండి.

తూకం సంగతి. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది, అప్పటి నుంచి 26 కిలోల సంచులు వచ్చాయి. ఇప్పుడు బజారులో 25, 26 రెండూ ఉన్నాయి కాబట్టి బస్తా రేటు కాకుండా కిలో రేటు కట్టుకుని పోల్చండి. ఆటోలో కాటా ఉంటే దానిమీద తూనికలు కొలతల శాఖ ఏటా వేసే ముద్ర ఉందో లేదో చూడండి. గోనె సంచే అరకిలోకు పైన తూగుతుంది, అది తీసేసి లెక్కించమనండి.

బియ్యం బదులు వడ్లే కొని అవసరానికి మర పట్టించుకుంటే పురుగు బాధ తక్కువ, ఊక కవచంలా కాపాడుతుంది. కాకపోతే "75 కిలోల బస్తాకి 50 కిలోల బియ్యం" అన్న లెక్కను పూర్తిగా నమ్మకండి. ప్రభుత్వ లెక్కలో క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం రావాలి, కానీ అందులో నాలుగో వంతు దాకా నూక ఉండొచ్చు. నూక తీసేసి మిగిలిన బియ్యం మీద కిలో ఎంత పడిందో చూసుకుంటే ఒక్కోసారి బజారు రేటే నయం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, దయచేసి ఇది మాత్రం వదలకుండా చదవండి. పురుగు పట్టకుండా అని కొందరు సంచిలో గోళీలు వేసి ఇస్తారు, లేదా విడిగా చేతికిస్తారు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో చెమ్మ తగిలితే చాలు, 3 గ్రాముల గోళీ నుంచి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. గిడ్డంగుల్లో శిక్షణ ఉన్నవాళ్లు కప్పేసి వాడేదే తప్ప మనుషులు పడుకునే ఇంట్లో ఉంచే వస్తువు కాదు. సంచిలో గుడ్డమూట, కాగితం పొట్లం, బూడిదరంగు పొడి కనబడినా, వెల్లుల్లి వాసనో కుళ్లిన చేప వాసనో వచ్చినా, మూతి దగ్గర పెట్టి చూడకండి, నీళ్లు పోయకండి. తలుపులన్నీ తెరిచి అందరూ బయటికి రండి. కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి గోళీల సంగతి చెప్పండి. బోరిక్ పొడి కలిపే అలవాటు కూడా మానేయండి, తిండిలో దానికి అనుమతి లేదు. పాతకాలపు ఆముదం పూత చాలు, 10 కిలోలకు రెండు మూడు చెంచాలు, చేత్తో బాగా పట్టించాలి. వేపాకు వేస్తే పూర్తిగా ఎండినదే వేయండి, పచ్చిది చెమ్మను లోపలికి తెస్తుంది.

ఎంత కొనాలి అంటే, మనిషికి నెలకు 8 నుంచి 10 కిలోలు అనుకుంటే నలుగురికి 32 నుంచి 40 కిలోలు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి గాలే తడి, ముక్కుపురుగు నెల రోజులకో తరం దించుతుంది. అందుకని వానాకాలానికి మూడు నెలల బియ్యం మించి పెట్టుకోవద్దు. దంపుడు బియ్యమైతే నెల, అంతే, తవుడులో నూనె కనరెక్కుతుంది. బస్తాలు చెక్క బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. డ్రమ్ము అంచుల దాకా నింపి మూత బిగించండి, పాత అడుగు మీద కొత్త బియ్యం పోయకండి. పదిహేను రోజులకోసారి లోపలికి చెయ్యి పెట్టండి, వెచ్చగా తగిలితే పురుగో చెమ్మో మొదలైనట్టే.

పప్పుల్లో మినుములు, పెసలు గింజగా నిలవ చేయకండి. పుచ్చుపురుగు చేలోనే మొదలవుతుంది, గింజ మీద అంటుకున్న తెల్లని చుక్క దాని గుడ్డే. పప్పు చేయించి దాచుకుంటే బాధ చాలా తక్కువ. కందిపప్పులో గుండ్రంగా కాకుండా పలకలుగా ఉన్న గింజలు కనబడితే కల్తీకి వాడే కేసరి పప్పు కలిసిందని అనుమానించండి.

నూనె డబ్బా 15 కిలోలా, 15 లీటర్లా చూడండి. 15 లీటర్లంటే సుమారు 13.6 కిలోలే. "60 డిగ్రీల వద్ద 1 లీటరు" అని సన్నగా రాసిన ప్యాకెట్లు కూడా వచ్చాయి. వేడికి నూనె ఉబ్బుతుంది కాబట్టి బరువు తగ్గించేయొచ్చు. సోయా నూనె లీటరు 21 డిగ్రీల వద్ద 919 గ్రాములు, 60 డిగ్రీల వద్ద 893 గ్రాములు కూడా ఉండదు. ప్యాకెట్ మీద గ్రాములు చదివి పోల్చుకోండి.

తాడేపల్లిగూడెం నుంచి ఉల్లి బస్తా తెచ్చుకునేవాళ్లకు ఒక్క మాట. ఆగస్టు తర్వాత వచ్చే కర్నూలు ఉల్లి నిలవకు పనికిరాదు, వారాల్లోనే కుళ్లుతుంది. దాచుకోవాలంటే మహారాష్ట్ర రబీ ఉల్లి, మెడ సన్నగా ఎండి పొర గలగలలాడేది తీసుకోండి, గోనెలో ఉంచకుండా గాలి తగిలేలా పరచండి.

కొట్టులో కొంటే బిల్లు, సంచి, సంచికి కుట్టిన చీటీ, మూడూ సరుకు అయ్యేదాకా ఉంచండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కి చెప్పొచ్చు, తూకం గొడవైతే తూనికలు కొలతల శాఖకు. ఆటో సరుకు కొనే తీరాలనుకుంటే సంచి మీద ప్యాక్ చేసినవారి చిరునామా, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూసి, బండి నంబరు ఫొటో తీసుకుని, ముందు ఒక్క బస్తానే దింపించుకోండి.