ముందు బార్జో, వెనుక మెజ్కాల్: ఆఫ్‌రోడ్ ట్రయథ్లాన్‌కు ఒక టైర్ల జత

ఈత, మౌంటెన్ బైక్, మట్టిదారి పరుగు వరుసగా సాగే ఆఫ్‌రోడ్ ట్రయథ్లాన్ కోసం టైర్లు కొనేవారు చాలామంది క్రాస్‌కంట్రీ సైకిల్ పందేలవారు ఏవి వాడుతున్నారో చూసి అవే తెచ్చుకుంటారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. సైకిలు ఒకటే, దారీ ఇంచుమించు అలాంటిదే కనుక ఆ ఆలోచనలో తప్పు కనిపించదు. కానీ ఒలింపిక్ తరహా క్రాస్‌కంట్రీ పందెం కొద్ది కిలోమీటర్ల చుట్టును పదేపదే తిరిగేది. చుట్టు తిరిగినప్పుడల్లా సహాయక కేంద్రం ఎదురవుతుంది, టైరు దెబ్బతింటే అక్కడ మెకానిక్ వేరే చక్రం బిగించి పంపిస్తాడు. మన పందెంలో ఒకటి రెండు పెద్ద చుట్లే ఉంటాయి. టైరు చిరిగితే అడవి మధ్యలో ఒంటరిగా కూర్చుని, బయటివారి సాయం లేకుండా, మన దగ్గరున్న సామానుతో మనమే బాగుచేసుకోవాలి. కాబట్టి క్రాస్‌కంట్రీవారికి మొదటి ఎంపిక అయిన టైరు మనకు కూడా మొదటిది కానక్కరలేదు. విట్టోరియా సంస్థవారి బార్జోను ముందు చక్రానికి, మెజ్కాల్‌ను వెనుక చక్రానికి వేసి రెండు సీజన్లు నడిపిన మీదట, ఈ జతను ఆ దృష్టితోనే పరిశీలిస్తున్నాను.

1996లో హవాయిలోని మావీ దీవిలో మొదలైన ఎక్స్‌టెర్రా పందేలు ఈ క్రీడకు ఒక రూపాన్నిచ్చాయి. సుమారు 1.5 కిలోమీటర్ల ఈత, 30 కిలోమీటర్ల అటూ ఇటూ మౌంటెన్ బైక్, ఆ తరువాత 10 కిలోమీటర్ల మట్టిదారి పరుగు అన్నది వాటిలో పూర్తి నిడివి పందెపు కొలత. సైకిలు ఎక్కేసరికి గుండె వేగం అప్పటికే పైన ఉంటుంది, భుజాలు ఈతతో అలసి ఉంటాయి, చేతులు తడిగా ఉంటాయి. సైకిలు దిగాక ఇంకా పరుగెత్తాలి. అంటే మొదటి దిగుడు మలుపులో మన చేతి నేర్పు రోజూ సాధనలో ఉన్నంత చురుగ్గా ఉండదు, చివరి ఎక్కుడులో కాళ్ళలో ఉన్నదంతా ఖర్చుపెట్టే వీలూ ఉండదు. మొదటి చిక్కును ముందు టైరు తీర్చాలి, రెండవదాన్ని వెనుక టైరు తీర్చాలి. వేరువేరు టైర్ల జతను నేను ఎంచుకోవడానికి మూలకారణం ఇదే.

అంతకు ముందు సంవత్సరం ఒక సంస్థవారి అతి తేలికైన టైర్లతో పందేనికి వెళ్ళాను. సైకిలు చేత్తో ఎత్తి చూసినప్పుడు కలిగిన సంబరం పందెంలో 11వ కిలోమీటరు దాకా నిలిచింది. అక్కడ ఒక పదునైన రాయి వెనుక టైరు పక్కగోడను వేలెడు పొడవున కోసేసింది. రంధ్రాలు పూడ్చడానికి లోపల పోసే సీలెంటు ద్రవం తెల్లగా చిమ్మి ఆగిపోయింది, గాలి మాత్రం ఆగలేదు. చీలికకు లోపలివైపు అట్టముక్క అడ్డం పెట్టి, ట్యూబు ఎక్కించి, గాలి కొట్టుకుని బయలుదేరేసరికి దాదాపు పన్నెండు నిమిషాలు గడిచాయి. ఈతలో నేను వెనక్కి నెట్టినవారంతా ఆ పన్నెండు నిమిషాల్లో నన్ను పలకరిస్తూ దాటిపోయారు.

తరువాత తీరికగా లెక్క వేసి చూశాను. మనిషి, సైకిలు, నీళ్ళు అన్నీ కలిపి 80 కిలోలు అనుకుందాం. ఒకే టైరు పల్చని పందెపు కేసింగ్‌కూ (కేసింగ్ అంటే రబ్బరు కింద ఉండే టైరు గుడ్డ), పక్కగోడకు రక్షణ పొర ఉన్న కేసింగ్‌కూ మధ్య తేడా సాధారణంగా 100 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. రెండు టైర్లకు 200 గ్రాములు, అంటే మొత్తం బరువులో పావు శాతం. ఒక గంటసేపు ఏకధాటిగా ఎక్కుడు తొక్కినా దానివల్ల కలిసివచ్చేది 9 సెకన్లు. చక్రపు అంచున ఉన్న బరువు వేగం పుంజుకునేటప్పుడు ఎక్కువ లాగుతుందన్న మాట నిజమే గాని, దాన్ని రెట్టింపు చేసి లెక్కించినా ఒక్క పంక్చరు ముందు అది లెక్కలోకి రాదు. దొర్లుడు నిరోధం, అంటే టైరు దొర్లేటప్పుడు వేగాన్ని తినేసే అడ్డు, దాని సంగతి వేరు. రబ్బరు, టైరు మీది గుబ్బల అమరిక, కేసింగ్ మెత్తదనం కలిసి రెండు టైర్ల మీద 10 వాట్లు ఆదా చేస్తే, 200 వాట్లతో తొక్కేవాడికి అది నూటికి ఐదు వంతులు. ఎక్కుడు దారిలో గంటకు రెండు మూడు నిమిషాలు మిగులుతాయి. కాబట్టి టైరు కొనేటప్పుడు తూకం మీద చూపే శ్రద్ధలో సగమైనా రబ్బరు మీద చూపడం మంచిది. దుకాణంలో తూకపు యంత్రం ఉంటుంది, దొర్లుడు కొలిచే యంత్రం ఉండదు. అసలు చిక్కంతా అక్కడే వస్తోంది.

బార్జో గుబ్బలు ఎడంగా, ఓ మోస్తరు ఎత్తుగా ఉంటాయి. నడుమ గుబ్బలకూ అంచు గుబ్బలకూ మధ్య పెద్ద ఖాళీ లేదు. సైకిలును మలుపులోకి వంచేకొద్దీ పట్టు ఒక్కసారిగా తప్పిపోయి, మళ్ళీ అంచు గుబ్బల మీద దొరకడం అనేది ఇందులో జరగదు. నేర్పరి అయిన పందెగాడు ఇతర టైర్లలోని ఆ ఖాళీని తన మెళకువతో దాటేస్తాడేమో, ఈతలోంచి వచ్చి ఊపిరి అందని స్థితిలో ఉన్నవాడికి మాత్రం ఇలా నిలకడగా పట్టు పెరిగే టైరే కావాలి. పొడి మట్టి పొరగా పరుచుకున్న గట్టి నేల మీద, తడిసిన చెట్ల వేళ్ళ మీద, వదులు గులక మీద ముందు చక్రం చెప్పిన చోటికే వెళ్ళింది. పొడవైన తారు రోడ్డు ముక్క వచ్చినప్పుడు గుబ్బల రొద వినిపిస్తుంది, కొంత వేగమూ పోతుంది. సైకిలు బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రం మీదే పడుతుంది కనుక, ముందు టైరు గుబ్బలు కాస్త మోటుగా ఉన్నా ఆ నష్టం భరించదగినదే.

మెజ్కాల్ నడుమ చిన్న గుబ్బలు దగ్గరదగ్గరగా, దాదాపు ఒక పట్టీలాగా సాగుతాయి. వాటి మీద సన్నని గాట్లు ఉంటాయి. అంచుల్లో మాత్రం గుబ్బలు దృఢంగా ఉంటాయి. నేరుగా సాగే దారిలో ఇది రోడ్డు టైరుకు దూరపు చుట్టంలా దొర్లుతుంది. వదులు నేల మీద నిటారు ఎక్కుడు వచ్చినప్పుడు నిలబడి తొక్కితే చక్రం జారుతుంది. సీటు మీదే కూర్చుని, చిన్న గేరులో సమంగా తొక్కితే జారదు. తరువాత పరుగు ఉంది కనుక ఎలాగూ అలా కూర్చునే తొక్కాలి కాబట్టి, ఈ లోపాన్ని నేను లోపంగా కాక హెచ్చరికగా తీసుకున్నాను. గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రం కొంచెం ముందుగానే జారుతుంది. అది జారినా చేతిలో ఉంటుంది. ముందు చక్రం జారితే మనిషి నేల మీద ఉంటాడు.

రెండింటిలోనూ నేను తీసుకున్నది పల్చని పందెపు కేసింగ్ కాదు, పక్కగోడ రక్షణ ఉన్న ట్రెయిల్ కేసింగ్. వెనుక టైరు విషయంలో ఈ రక్షణ మీద రాజీ పడవద్దని గట్టిగా చెబుతాను. పొదుపు చేయక తప్పదనుకునేవారు ముందు టైరుకు పల్చనిది వేసుకోవచ్చు. రాయిని ముందు చక్రం చూసి తప్పుకుంటుంది, వెనుక చక్రం చూడకుండా దాని మీదికే వస్తుంది. రబ్బరు గ్రాఫీన్ (ఒక రకం కార్బన్ పదార్థం) కలిపినదని, నేలను తాకే ఒకే ట్రెడ్‌లో నాలుగు రకాల మిశ్రమాలు వాడామని సంస్థవారు చెబుతారు. అందులో గ్రాఫీన్ చేసే మేలు ఎంతో నేను విడదీసి చెప్పలేను గాని, నడుమ గట్టిగా, అంచున మెత్తగా ఉండే పద్ధతి చేతికి తెలుస్తూనే ఉంటుంది.

వెడల్పు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 29 అంగుళాల చక్రానికి ముందు 2.35, వెనుక 2.25 అంగుళాల వెడల్పువి వేశాను. టైరు మీద 57-622 అని ఉంటే మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండవది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం అని అర్థం. రిమ్ము లోపలి వెడల్పు 25 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటే ఈ కొలతలు చక్కగా కుదురుతాయి. బురద పట్టినప్పుడు కూడా ఫ్రేముకూ టైరుకూ మధ్య సందు మిగులుతుందో లేదో కొనకముందే చూసుకోవాలి.

టైరు ఎంపికలో సగం పని గాలి ఒత్తిడిదే. ఏ సంస్థ టైరైనా తప్పు ఒత్తిడితో చెడ్డ టైరు అవుతుంది. 70 కిలోల మనిషికి, లోపల ట్యూబు లేని ట్యూబ్‌లెస్ పద్ధతిలో, ఈ వెడల్పులకు ముందు 18 నుంచి 20, వెనుక 20 నుంచి 22 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మంచి ఆరంభం. అక్కడి నుంచి ఒక్కో పీఎస్ఐ చొప్పున తగ్గిస్తూ, రాయి మీద రిమ్ము తగిలిన శబ్దం వినిపించగానే ఒకటిన్నర పెంచి ఆపాలి. రోడ్డు సైకిలు అలవాటున్న ట్రయథ్లాన్‌వారు ఎక్కువగా చేసే పొరపాటు 30 దాటించి కొట్టడం. అలా కొడితే టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, ఎగిరిన ప్రతిసారీ వేగమూ పోతుంది, నడుమూ అదురుతుంది. ఆ అదురు లెక్క పరుగులో తేలుతుంది. పెద్ద పంపు మీది ముల్లును నమ్మకుండా విడిగా ఒక డిజిటల్ గేజి కొనుక్కోవడం మంచిది. ఒకటి రెండు పీఎస్ఐ తేడా ఇంత పెద్ద టైరులో బాగా తెలుస్తుంది.

మన పందేనికే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో 20 పీఎస్ఐ కొట్టి సైకిలును స్టాండులో పెట్టి ఈతకు వెళతాం. మనం నీళ్ళలో ఉండగా సైకిలు ఎండలో నిలబడి ఉంటుంది. టైరులోని గాలి 40 డిగ్రీలకు చేరిందంటే, వాతావరణ పీడనాన్ని కూడా కలిపి లెక్కిస్తే, అదే టైరులో 23 పీఎస్ఐ దాకా అవుతుంది. పొద్దున వేళ్ళతో నొక్కి మురిసిపోయిన మెత్తదనం అప్పటికి ఉండదు. ఎండ కాచే రోజున నేను పొద్దున్నే రెండు పీఎస్ఐ తక్కువ పెట్టి వెళతాను. మబ్బు పట్టి ఉంటే మార్చను.

ఇక ఇతర జతల సంగతి. ష్వాల్బే వారి రేసింగ్ రే, రేసింగ్ రాల్ఫ్ ముందూ వెనుకా వేరువేరుగా రూపొందించిన జత. రే మలుపు కోసం, రాల్ఫ్ తొక్కుడు కోసం. నా అభిప్రాయానికి దగ్గరగా వచ్చే ఆలోచన ఇదే కనుక, బార్జో దొరకనివారికి మొదట దీన్నే చెబుతాను. రబ్బరు రకాన్ని రంగు గీతతో గుర్తుపట్టవచ్చు. ఎరుపు గీత వేగానికి, నీలం గీత పట్టుకూ వేగానికీ మధ్యస్థం. ముందు నీలం, వెనుక ఎరుపు వేయడం సబబు. మ్యాక్సిస్ వారి ఐకాన్ దగ్గర గుబ్బలతో, గుండ్రని ఆకారంతో, ఎక్కడా ఆశ్చర్యపరచని టైరు. ఒకే రకం టైరు రెండు చక్రాలకూ వేసి మరచిపోదామనుకునేవారికి 2.35 వెడల్పులో, ఎక్సో అనే పక్కగోడ రక్షణతో ఉన్నది తీసుకోమంటాను. మరీ గులకగా ఉన్న దిగుడులో మాత్రం ముందు టైరుగా దాని చిన్న గుబ్బలు చాలవు. కాంటినెంటల్ వారి రేస్ కింగ్, బ్లాక్ చిలీ రబ్బరుతో, ప్రొటెక్షన్ కేసింగ్‌తో వచ్చేది, గట్టి పొడి నేల మీద వెనుక చక్రానికి మెజ్కాల్‌కు సరిజోడు. దొర్లుడు ఒక్కటే చూస్తే ఒక మెట్టు పైన కూడా ఉంటుందేమో. దానికి తోడు ముందు క్రాస్ కింగ్ వేసుకోవాలి. ఇలా చూస్తే సంస్థల పేర్లు మారినా అమరిక మారలేదని పాఠకులు గమనించే ఉంటారు.

ఈ జత చేతులెత్తేసే చోటు ఒకటుంది, అది జిగట బురద. మెజ్కాల్ వంటి దగ్గర గుబ్బల టైరు ఏదైనా సరే, బంకమట్టి నిండిపోయి, చక్రం రెండు చుట్లు తిరిగేసరికి నున్నని రోలరు అవుతుంది. ముందురోజు వాన పడి, దారి బంకమట్టిది అయితే వెనుకకు కూడా బార్జోనే వేయాలి, వీలైతే ఒక కొలత సన్ననిది. ఇసుక కలిసిన మట్టి అయితే నీరు ఇంకిపోతుంది కనుక మార్చనక్కరలేదు. ముందురోజు దారిని చూసేటప్పుడు కాస్త మట్టి తీసి అరచేతిలో నలిపి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

టైరుతో పాటు వెళ్ళవలసిన సామాను కూడా చెప్పాలి. ఒక్కో టైరులో 80 నుంచి 100 మిల్లీలీటర్ల సీలెంటు పోస్తాను. అది రెండు నుంచి ఆరు నెలల్లో ఎండిపోతుంది కనుక పందేనికి వారం ముందు తెరిచి చూసి మళ్ళీ నింపుతాను. ముల్లు రంధ్రాన్ని సీలెంటే పూడ్చేస్తుంది, కొంచెం పెద్దదైతే రబ్బరు దారం గుచ్చే ప్లగ్గు పరికరం కావాలి, పక్కగోడ చీలితే ట్యూబు తప్పదు. టీపీయూ అనే పల్చని ప్లాస్టిక్‌తో చేసిన తేలికైన ట్యూబు మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబులో సగం బరువే ఉంటుంది కనుక మోయడానికి సాకు లేదు. ఇంత పెద్ద టైరుకు 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సీసా అరకొరగా సరిపోతుంది, 25 గ్రాములది నయం. ఆ చల్లని వాయువుకు కొన్ని లాటెక్స్ సీలెంట్లు గడ్డకడతాయి. అందుకని వాల్వును పైవైపు ఉంచి నింపాలి, ఇంటికి వచ్చాక మామూలు గాలితో మార్చాలి. ప్లగ్గు పరికరాన్ని సంచిలో అడుగున దాచకుండా ఫ్రేముకే కట్టుకోండి. తడి చేతులతో జిప్పు లాగడం ఎంత కష్టమో ఒకసారి అనుభవించినవారికి చెప్పనక్కరలేదు.

రెండు సీజన్ల తరువాత ముందు బార్జో అంచు గుబ్బలు ఇంకా పదునుగానే ఉన్నాయి. వెనుక మెజ్కాల్ నడుమ పట్టీ మీద గాట్లు దాదాపు మాసిపోయాయి, అంచులు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి. కేసింగ్‌కు మూడు చోట్ల ప్లగ్గు గుర్తులున్నాయి, మూడూ సాధనలో పడ్డవే. వచ్చే పందేనికి వెనుక టైరు ఒక్కటే మారుస్తున్నాను, ఈసారి 2.35 తీసుకుని గాలి మరొక పీఎస్ఐ తగ్గించి చూడాలని ఉంది. పాతదాన్ని సాధన సైకిలుకు ఎక్కించేశాను.