హెచ్.ఎం.ఎస్. హాంప్‌షైర్ 1/700 రెజిన్ కిట్: కట్టి చూశాక నా మాట

బ్రిటిష్ ఆర్మర్డ్ క్రూయిజర్ల (పక్కల ఉక్కు కవచం తొడిగిన పెద్ద యుద్ధనౌకల) నమూనా కిట్లు మన షాపుల్లో దొరకడం కష్టం. రెండో ప్రపంచయుద్ధపు ఓడలు ఎన్నయినా ఉంటాయి గానీ, 1900 తర్వాత కట్టిన ఈ నాలుగు పొగగొట్టాల ఓడల్ని అడిగేవాళ్లే తక్కువ. అందుకే అసలు ఓడలో 700వ వంతు సైజుండే ఈ రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్‌లాంటి పదార్థం) కిట్‌ని బయటి దేశం నుంచి తెప్పించుకున్నాను.

నేనుండేది చెన్నైలో. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ క్రూయిజర్ ఎండెన్ ఈ ఊరిమీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబెట్టింది. ఆ ఎండెన్ కోసం బంగాళాఖాతం గాలించిన ఓడల్లో హాంప్‌షైర్ ఒకటి. చివరికి నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఎండెన్ పని పట్టింది మాత్రం ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ. హాంప్‌షైర్ మీద నా మోజుకి మూలం ఆ వేటే.

ఇక కిట్. హల్ (ఓడ మొండెం) మొత్తం ఒకే ముక్క, నీటిమట్టం వరకే, పొడవు ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు. డెక్ మీద చెక్క పలకల గీతలు, పక్కల గుండ్రటి కిటికీలు చాలా శుభ్రంగా వచ్చాయి. పొగగొట్టాల పైభాగం నిజంగానే బోలుగా ఉంది, డ్రిల్ పెట్టే పని లేదు. 7.5 అంగుళాల (అసలు ఓడలో గొట్టం లోపలి వ్యాసం) ఫిరంగుల టరెట్లు, అంటే తిరిగే ఫిరంగి గూళ్లు, నాలుగు: ముందొకటి, వెనకొకటి, ఇరుపక్కలా ఒక్కోటి. ఇవి ఇట్టే కూర్చున్నాయి.

తలనొప్పి చిన్న భాగాలతోనే. 6 అంగుళాల ఫిరంగి గొట్టాలు వంకర తిరిగి వచ్చాయి. వేడినీళ్లలో ముంచి సరిచేస్తే మర్నాటికి మళ్లీ వంగాయి. విసుగొచ్చి సన్నటి ఇత్తడి గొట్టాలు పెట్టేశాను. రెయిలింగులు పెట్టెలో లేవు, విడిగా కొనాలి. సూచనల కాగితం ఒక్కటే, లైఫ్‌బోట్లు ఎక్కడ పెట్టాలో అందులో తెలియదు, పాత ఫోటోలు ముందేసుకుని కూర్చోవాల్సిందే. రెజిన్‌ని తడిపి, మాస్కు పెట్టుకుని రుద్దండి. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

అయినా ఈ కిట్‌ని నేను మెచ్చుకునేది ఒక్క విషయానికి. హల్‌ని బల్లమీద పెట్టి, కళ్లు దానికి సమానంగా వంచి చూడండి. హల్ నీటిమట్టం వరకే కాబట్టి బల్లే సముద్రం అనుకోండి. 6 అంగుళాల ఫిరంగులు ఆరింటిలో నాలుగు కింది డెక్ కేస్‌మేట్లలో (ఓడ పక్కల్లోని కవచపు ఫిరంగి గదుల్లో) ఉంటాయి. ఆ రంధ్రాలు బల్లకి పావంగుళం ఎత్తులో కూడా లేవు. సముద్రం కాస్త పొంగితే చాలు, ఆ ఫిరంగులు పనికిరావు. ఎన్ని పుస్తకాల్లో చదివినా అర్థం కానిది ఇక్కడ కంటికే కనిపిస్తుంది. 1914 నవంబర్ 1న చిలీ తీరంలో, కొరొనెల్ దగ్గర గుడ్‌హోప్, మాన్‌మత్ అనే క్రూయిజర్లకి ఇదే శాపమైంది. ఆ అలల్లో కింది ఫిరంగులు సరిగా పేల్చలేకపోయారు. రెండు ఓడల్లో సుమారు 1,600 మంది, ఒక్కరూ బతకలేదు.

చెన్నై మీద గుండ్లు పడిన రోజునే, అక్కడ ఉత్తర సముద్రంలో అబూకిర్, హోగ్, క్రెస్సీ అనే మూడు ఆర్మర్డ్ క్రూయిజర్లని యు-9 అనే జర్మన్ జలాంతర్గామి ఒక్కటే ముంచేసింది. చనిపోయినవాళ్లు 1,459 మంది. 1908లో 12 అంగుళాల ఫిరంగులతో ఇన్విన్సిబుల్ వచ్చాకే ఈ రకం ఓడలకి కాలం చెల్లింది. వాటిని ఇంకా యుద్ధానికి పంపుతూ ఉండటం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. యుద్ధం నడుస్తుండగా ఈ తరగతి ఓడల్లో కింది ఫిరంగుల్ని పై డెక్‌కి మార్చి, ఆ రంధ్రాలు మూసేశారు. కిట్‌లో ఉన్నది మార్చకముందు రూపం. 1916 జూన్ 5న బ్రిటిష్ యుద్ధమంత్రి లార్డ్ కిచనర్‌ని రష్యాకి తీసుకెళ్తూ, స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల దగ్గర తుఫానులో మైన్ (నీటి మందుపాతర) తగిలి మునిగిన హాంప్‌షైరే కావాలంటే, పుట్టీతో రంధ్రాలు పూడ్చి, ఫిరంగులకి పైన చోటు చేసుకోవాలి. ఆ రోజు 737 మంది పోయారు, 12 మందే ఒడ్డెక్కారు. ఆ రూపం కడితే వివరాల్లో తప్పు రాకూడదు. నేను మాత్రం 1914 ఓడనే కట్టి, యుద్ధకాలపు బూడిద రంగు వేశాను.

మొదటి రెజిన్ కిట్‌గా దీన్ని కొనకండి. రెండు మూడు ప్లాస్టిక్ ఓడలు కట్టిన చేతికైతే ధైర్యంగా చెబుతాను, తీసుకోండి. ఆర్డరిచ్చేటప్పుడే ఇత్తడి గొట్టాలు, రెయిలింగులు కూడా కలిపి తెప్పించుకుంటే రెండోసారి కస్టమ్స్ కట్టే బాధ తప్పుతుంది.