రోడ్డు పక్కన పుస్తకాల పెట్టె: పెట్టే ముందు చూసుకోవాల్సినవి

స్తంభం మీద చిన్న పెట్టె, దానికో లోపలికి కనిపించే తలుపు, లోపల ముప్పై నలభై పుస్తకాలు. సభ్యత్వ కార్డు లేదు, గడువు లేదు, జరిమానా లేదు. నచ్చింది పట్టుకెళ్లొచ్చు, వీలున్నప్పుడు ఒకటి తెచ్చి పెట్టొచ్చు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో 1991లోనే ఆరుబయట తెరిచిన బీరువాలు పెట్టి చూశారు. పేరు మాత్రం 2009 తర్వాతే మారుమోగింది. ఆ ఏడాది అమెరికాలోని హడ్సన్‌లో టాడ్ బోల్ టీచరుగా పనిచేసిన తన తల్లి గుర్తుగా బడి ఆకారంలో ఒక పెట్టె చేసి ఇంటి ముందు నిలిపాడు. ‘లిటిల్ ఫ్రీ లైబ్రరీ’ పుట్టింది అక్కడే. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో లేచిన గ్రంథాలయాలు 2,509 కాబట్టి వాటికంటే ఒక్కటైనా ఎక్కువ పెట్టించాలన్నది మొదటి లక్ష్యం. 2012కే అది దాటిపోయింది.

ఆ పేరు ట్రేడ్‌మార్కు. బోర్డు మీద రాసుకోవాలంటే సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. ఒక్కసారి రుసుము కడితే నంబరున్న పలక వస్తుంది, మ్యాపులో చోటు దొరుకుతుంది. పెట్టె పనిచేయడానికి ఇవేవీ అవసరం లేదు. కొత్తవాళ్లు వెతుక్కుంటూ రావాలనుకుంటేనే ఆ ఖర్చుకు అర్థం.

పెట్టె సంగతి. రెడీమేడ్‌గా దొరుకుతాయి, విడిభాగాలుగా తెచ్చుకుని బిగించుకోవచ్చు, వడ్రంగితో చేయించుకోవచ్చు. మా ఓటు వడ్రంగికే, ఎందుకంటే కొలతలు మన చేతిలో ఉంటాయి. బొమ్మల పుస్తకాలు చాలావరకు నిలువుగా 30 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. కింది అరకు 35 సెంటీమీటర్ల ఎత్తు, 30 లోతు లేకపోతే పిల్లల పుస్తకాలు పడుకోబెట్టాల్సి వస్తుంది. పడుకున్న పుస్తకాన్ని ఎవరూ చూడరు. పై అర 25 చాలు. చక్రాల కుర్చీలోంచి కూడా చెయ్యి అందాలంటే పై అర నేల నుంచి 120 సెంటీమీటర్లు దాటకూడదు.

తడి ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. పైకప్పు కారడం అరుదు. తలుపు పై అంచు దగ్గరే నీళ్లు లోపలికి దిగుతాయి. కప్పు ముందుకి కనీసం 5 సెంటీమీటర్లు చాచి ఉండాలి, దాని అడుగున అంచు పొడవునా సన్నటి గాడి తీయాలి. గాడి లేకపోతే నీటి బొట్టు కప్పు అడుగునే పాకి తలుపు మీదికి వస్తుంది. రెండోది, ప్లైవుడ్ నీళ్లు తాగేది కోసిన అంచుల్లోంచి. నీళ్లకు తట్టుకునేలా చేసిన 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై అయినా సరే, బిగించక ముందే అంచులకు, అడుగు భాగానికి, స్క్రూ రంధ్రాలకు రెండు పూతలు ప్రైమర్ వేయాలి. అన్నీ బిగించాక పైపైన కొట్టిన రంగు రెండు వర్షాకాలాలు ఆగితే గొప్పే.

తలుపుకి గాజు వద్దు, పగిలితే ప్రమాదం. అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్ పలక) మంచిదే కానీ ఎండకు సాగుతుంది. రంధ్రం స్క్రూ కంటే రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండి, స్క్రూ మరీ బిగించకుండా ఉంటేనే పగుళ్లు రావు. తలుపు పడమటి ఎండకు ఎదురుగా పెడితే లోపలి వేడికి పేపర్‌బ్యాక్‌ల జిగురు మెత్తబడి పేజీలు ఊడొస్తాయి, వెన్ను రంగు వెలిసిపోతుంది. గాలి ఆడటానికి అడుగున, కప్పు కింద రంధ్రాలు పెట్టి దోమల జాలీ బిగించాలి, లేదంటే కందిరీగలు కాపురం పెడతాయి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు దండగ: తలుపు రోజూ తెరుచుకునే పెట్టెలో కొద్దిరోజులకే అవి తేమతో నిండిపోతాయి. బూజు పట్టిన పుస్తకం ఒక్కటి కనిపించినా వెంటనే తీసెయ్యాలి.

నలభై పుస్తకాలంటే పది పన్నెండు కిలోలు, దానికి పెట్టె బరువు అదనం. 10 సెంటీమీటర్ల చదరపు స్తంభం, నేలలో కనీసం 60 సెంటీమీటర్లు. తవ్వే ముందు కింద కేబుళ్లు, పైపులు ఉన్నాయేమో కనుక్కోండి.

ఇంత చేసినా పెట్టెలు చచ్చిపోయేది సరుకు వల్లే. పిల్లల పుస్తకాలు, నవలలు ముందు వెళ్లిపోతాయి. మిగిలేవి పాత సిలబస్ గైడ్లు, ఎప్పటివో కంప్యూటర్ పుస్తకాలు, కరపత్రాలు. ఇళ్లు సర్దుకున్నవాళ్లు అట్టపెట్టెలతో తెచ్చి దించిపోతారు. నాలుగైదుసార్లు తలుపు తీసి నిరాశపడ్డవాళ్లు మళ్లీ రారు. అందుకే వారానికోసారి ఏరివేత తప్పదు: సమాచారం తప్పయినవి, చిరిగినవి, కొత్త ఎడిషన్ వచ్చినవి బయటికి. మూడింట రెండొంతులకు మించి నింపకూడదు. నెలరోజులు కదలనిది మారిపోవాలి. అందుకు ఇంట్లో మరో యాభై పుస్తకాల నిల్వ ఉండాలి. పాత పుస్తకాల వ్యాపారులు ఊడ్చుకుపోకుండా పేజీల అంచు మీద ‘ఉచితం, అమ్మకానికి కాదు’ అని ముద్ర వేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

దగ్గర్లోని గ్రంథాలయం తీసేసే పుస్తకాలు అడిగి తెచ్చుకోవచ్చు, కానీ వాటి మీద ‘తొలగించినది’ ముద్ర ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఎవరో ఒకరు పాపం శ్రద్ధగా తీసుకెళ్లి అక్కడే తిరిగి ఇచ్చేస్తారు. తిరగబడ్డ కేసూ ఉంటుంది: అరువు పుస్తకాన్ని ఈ పెట్టెలో వదిలి ‘ఇచ్చేశాం’ అనుకునేవాళ్లు. అలాంటివి గ్రంథాలయానికి చేర్చే బాధ్యత పెట్టె చూసుకునేవాళ్లదే.

పెట్టెకు రాని పని ఒకటుంది, అడిగిన పుస్తకం తెచ్చివ్వడం. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని హేగర్స్‌టౌన్‌లో లైబ్రేరియన్ మేరీ టిట్‌కాంబ్ మొదట పల్లెల దుకాణాలకు, పోస్టాఫీసులకు పుస్తకాల పెట్టెలే పంపింది. మారుమూల ఇళ్లకు అవి చాలవని తేలాకే 1905లో గుర్రపు బండి మీద అల్మరాలు కట్టి గుమ్మం ముందుకే నడిపించింది. బండితో మనిషి వస్తాడు, ఏం చదువుతారో అడుగుతాడు, వచ్చేసారి తెస్తాడు. స్తంభం మీది పెట్టె ఎవర్నీ అడగలేదు.

మా మార్కులు ఐదుకి మూడున్నర. గ్రంథాలయం నడక దూరంలో ఉన్నచోట, సాయంత్రాలు జనం నిలబడే దారిలో, దానికి తోడుగా అయితే నాలుగు. వారం వారం చూసే మనిషి లేకపోతే ఒకటే. అలాంటిచోట స్తంభం పాతకుండా, ఆసుపత్రి వెయిటింగ్ హాల్లోనో బట్టలు ఉతికే లాండ్రీలోనో ఒక అర అడగండి. అక్కడ వాన సమస్య ఉండదు, కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది, తాళం వేసే సిబ్బంది ఉంటారు.