బొలోన్యా నుంచి రెండేళ్ళ వారాంతాలు: ప్రాంతీయ రైలులో పాత నగరాలు

2022 సెప్టెంబరు నుంచి 2024 అక్టోబరు వరకు నేను ఉత్తర ఇటలీలోని బొలోన్యా శివారులో ఒక ప్యాకేజింగ్ యంత్రాల కర్మాగారంలో పనిచేశాను. ఆ రెండేళ్ళలో దాదాపు ప్రతి రెండో శనివారమో ఆదివారమో రైలెక్కి, సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దూరంలో ఉన్న ఏదో ఒక పాత నగరానికి వెళ్ళి వచ్చాను. ఉద్యోగం మీద ఇటలీ వెళ్ళే మనవాళ్ళు చాలామంది మొదటి నెలలోనే రోమ్, ఫ్లారెన్స్, వెనిస్ మూడింటినీ చుట్టేసి, ఇక చూడవలసింది అయిపోయిందనుకుంటారు. నా అనుభవం అందుకు పూర్తిగా భిన్నమైనది గనుక ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ప్రయాణం సంగతి. రెజియోనాలే అనే ప్రాంతీయ రైలు టికెట్ ధర దూరాన్ని బట్టి ఉంటుంది తప్ప, వేగవంతమైన రైళ్ళలో మాదిరిగా చివరి నిమిషంలో పెరగదు. అందుచేత శనివారం ఉదయం కిటికీ తెరిచి ఆకాశం చూసుకున్న తరువాత బయలుదేరినా నష్టం లేదు. బొలోన్యా నుంచి మోదెనాకు అరగంట లోపు, ఫెర్రారాకు ముప్పావుగంట లోపు, రవెన్నాకు గంటకు కాస్త ఎక్కువ పడుతుంది. కాగితం టికెట్ కొన్నవారు రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న యంత్రంలో దానిపై తేదీ ముద్ర తప్పక వేయించుకోవాలి. నేను మొదటి నెలలో ఆ పని మరచి జరిమానా కట్టాను. సమ్మెలు తరచుగా జరుగుతాయి, వాటి తేదీలు ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు నిర్ణీత ప్రాంతీయ రైళ్ళు నడుస్తాయి కానీ ఆదివారాలకు ఆ హామీ వర్తించదు. ఆదివారం ప్రయాణం పెట్టుకునేవారు శుక్రవారం సాయంత్రమే ఈ విషయం చూసుకోవడం మంచిది.

ఈ నగరాలన్నింటిలో నేను అత్యధికంగా వెళ్ళింది రవెన్నాకు. మొత్తం ఐదుసార్లు వెళ్ళాను. పశ్చిమ రోమన్ సామ్రాజ్యపు చివరి రాజధానిగా, తరువాత గోత్ రాజు థియొడొరిక్ రాజధానిగా, ఆపైన బైజాంటియం వారి, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు పాలనాకేంద్రంగా ఉన్న ఈ ఊరిలో ఎనిమిది కట్టడాలను యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ వితాలే చర్చిలో చక్రవర్తి జస్టీనియన్, రాణి థియొడోరా తమ పరివారంతో ఎదురెదురు గోడలపై నిలబడి ఉంటారు. వారి రూపాలను కూర్చిన చిన్న చిన్న గాజు ముక్కలు ఒకే మట్టంలో కాక రకరకాల వాలుల్లో అతికి ఉండడం వల్ల, మనం రెండడుగులు పక్కకు జరిగితే చాలు, బంగారం మరోచోట మెరుస్తుంది. ఛాయాచిత్రంలో ఇది ఎంతమాత్రం పట్టుబడదు. పక్కనే ఉన్న గల్లా ప్లాచిదియా సమాధి మందిరం బయటికి ఒక చిన్న ఇటుక గది మాత్రమే. లోపలికి వెళ్ళగానే చీకటిగా అనిపించి, కిటికీల్లోని పలుచని అలబాస్టర్ రాతి పలకల గుండా వచ్చే తేనెరంగు వెలుతురుకు కళ్ళు అలవాటుపడే కొద్దీ, నెత్తిమీద ముదురు నీలపు కప్పూ దానినిండా బంగారు చుక్కలూ నెమ్మదిగా బయటపడతాయి. రద్దీ రోజుల్లో లోపల కొద్ది నిమిషాలే ఉండనిస్తారు గనుక చలికాలపు శనివారాలు ఇక్కడికి అన్నిటికంటే అనుకూలం.

మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర రెండు నెలలు ఉన్నప్పుడు ఆమెను సాంతపొల్లినారే నువోవో చర్చికి తీసుకువెళ్ళాను. ఆ చర్చి థియొడొరిక్ కట్టించినది. కుడిగోడ మీద అతని రాజప్రాసాదం, స్తంభాల మధ్య వేలాడే తెల్లని తెరలు మొజాయిక్‌లో, అంటే చిన్న ముక్కలు అతికి కూర్చిన చిత్రంలో కనిపిస్తాయి. అమ్మ కాసేపు తదేకంగా చూసి, "ఆ స్తంభం మీద చెయ్యి ఉంది, మనిషేడి నాన్నా?" అని అడిగింది. అంతకుముందు నేను రెండుసార్లు వచ్చి కూడా ఆ చేతులను గమనించలేదు. బైజాంటియం వారు ఊరిని గెలుచుకున్న తరువాత ఆ గోత్ రాజ పరివారపు రూపాలను తొలగించి, ఆ ఖాళీల్లో తెరలు కూర్చారు. స్తంభాలకు అడ్డంగా వచ్చిన చేతులను మాత్రం అలాగే వదిలేశారు. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలని, వీలైతే కొత్త కళ్ళున్న వారిని వెంట తీసుకువెళ్ళాలని నేను అందరికీ చెప్పడానికి కారణం ఆ మధ్యాహ్నమే. మహాకవి దాంతే కూడా ఈ ఊళ్ళోనే 1321లో కన్నుమూశాడు. ఆయనను వెలివేసిన ఫ్లారెన్స్ నగరమే ఇప్పుడు ఏటా ఆయన సమాధి దగ్గరి దీపానికి నూనె పంపుతుంది.

2023 మే నెలలో వచ్చిన వరదలు రవెన్నా ప్రాంతాన్నీ ఫాయెంజానూ తీవ్రంగా ముంచెత్తాయి. పట్టాలు దెబ్బతిని మా వైపు రైళ్ళు చాలా రోజులు సరిగా నడవలేదు. ఫాయెంజా నుంచి రోజూ వచ్చే మా సహోద్యోగుల ఇళ్ళలో బురద తోడడానికి ఆ వారాంతాల్లో కర్మాగారం నుంచి మేమంతా వెళ్ళాము. చూడడానికి మాత్రమే తెలిసిన ప్రాంతం ఆ తరువాత నాకు మరో రకంగా దగ్గరయింది.

పాదువాలోని స్క్రొవెన్యీ ప్రార్థనాలయానికి ముందస్తు బుకింగ్ తప్పనిసరి. చిత్రకారుడు జొత్తో 1305 నాటికి పూర్తిచేసిన కుడ్యచిత్రాలను తేమ నుంచి కాపాడడానికి, సందర్శకులను చిన్న బృందాలుగా ముందు ఒక గాజుగదిలో పావుగంట కూర్చోబెట్టి, లోపలి గాలి నిలకడకు వచ్చిన తరువాత మరో పావుగంట చూడనిస్తారు. ఒకసారి నా రైలు నలభై నిమిషాలు ఆలస్యమై ఆ సమయం చేజారింది. అప్పటి నుంచి ఒక రైలు ముందుగానే వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఇంత శ్రమకు ఆ పావుగంట తగినదేనా అంటే, యేసు దేహాన్ని ఒడిలో పెట్టుకుని ఆ తల్లి ముఖంలో ముఖం పెట్టి చూస్తున్న ఒక్క చిత్రం కోసమే నేను మూడోసారి కూడా వెళ్ళానని చెప్పగలను.

ఫెర్రారా తీరిక కోరేవారి ఊరు. స్టేషన్ దగ్గర సైకిల్ అద్దెకు తీసుకుని, సుమారు 9 కిలోమీటర్ల కోటగోడల మీద చెట్ల నీడన తిరిగి, మధ్యాహ్నానికి ఒకప్పుడు ఊరిని ఏలిన ఎస్తే వంశీకుల కందకపు కోట చేరుకుంటే రోజు నిండుగా గడుస్తుంది. వేలాది రాళ్ళను వజ్రాల ఆకారంలో చెక్కి గోడలకు పేర్చిన డియమాంతీ భవనాన్ని సాయంత్రపు ఏటవాలు ఎండలోనే చూడాలి. శాకాహారులకు ఈ ఊరు మరో మేలు చేస్తుంది. గుమ్మడికాయ కూరిన కప్పెల్లాచ్చీ అనే పాస్తాను వెన్న, సేజ్ ఆకులతో అడిగి తినవచ్చు. బొలోన్యాలో మాత్రం చారులాగా కనిపించే బ్రోదో సాధారణంగా మాంసంతో కాచినదే. పియదీనా రొట్టెలో సంప్రదాయంగా పందికొవ్వు కలుపుతారు గనుక ఆలివ్ నూనెతో చేసినది ఉందా అని అడగాలి. పార్మిజానో జున్నును దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారన్న సంగతి కూడా నియమం పాటించేవారు తెలుసుకోవాలి.

ప్రసిద్ధ నగరాల గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రభుత్వ మ్యూజియాలు ప్రతినెలా మొదటి ఆదివారం ఉచితమే కానీ, ఫ్లారెన్స్‌లోని ఉఫ్ఫీజీ చిత్రశాలకు ఆ రోజు వెళితే ఎక్కువ సమయం వరుసలోనే గడుస్తుంది. టికెట్ కొని మరో రోజు వెళ్ళడమే మేలు. వెనిస్‌లో 2024 ఏప్రిల్ నుంచి కొన్ని ఎంచిన రోజుల్లో పగటి సందర్శకుల వద్ద 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. వేసవి వారాంతంలో ఆ ఊరి వంతెనలపై అడుగు ముందుకు పడదు. నవంబరులో ఒక రాత్రి అక్కడే ఉండి, తెల్లవారకముందే ఖాళీ సందుల్లో నడిచినప్పుడు గానీ నాకు అది ఊరిగా కనిపించలేదు. మోటుపల్లి రేవు గురించీ, దానిని ఏలిన రాణి గురించీ రాసిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ సందుల్లోనే తిరిగాడన్న తలపుతో ఆ ఉదయమంతా నడిచాను.

ఇల్లుగా ఉన్న బొలోన్యాను కూడా వారాంతపు జాబితాలో చేర్చుకోవాలి. వీధుల వెంట స్తంభాలతో కట్టి, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ పంచల కింద వర్షంలో గొడుగు లేకుండా మైళ్ళు నడవవచ్చు. కొండమీది సాన్ లూకా చర్చి వరకు 666 కమానుల దారి పొడవునా వృద్ధులు సైతం ఆగి ఆగి ఎక్కుతూ ఉంటారు. ఒరిగిన గరిసెందా గోపురం కదలికలు ఆందోళన కలిగించడంతో 2023 అక్టోబరులో దాని చుట్టుపక్కల మూసివేశారు, పక్కనున్న అజినెల్లీ గోపురం ఎక్కడం కూడా ఆగిపోయింది. మొదటి ఏడాదే ఆ 498 మెట్లు ఎక్కి ఉండడం నా అదృష్టం.

తిరుగుప్రయాణానికి ముందు మిగిలిన చివరి శనివారం ఎక్కడికి వెళ్ళాలో ఆలోచించవలసిన అవసరం రాలేదు, మోదెనాకే వెళ్ళాను. 1099లో పునాది వేసిన అక్కడి కేథెడ్రల్ ముఖద్వారం పక్కన విలిజెల్మో చెక్కిన సృష్టికథ శిల్పాలను అందరూ చూస్తారు. వెనుకవైపు అర్ధవృత్తాకారపు గోడమీద మధ్యయుగపు కొలతలు, అంటే మూర, ఇటుక, పెంకు ఎంతెంత ఉండాలో రాతిపై చెక్కి ఉన్న సంగతి చాలామందికి తెలియదు. సంతలో మోసపోయామనుకున్నవారు వచ్చి సరిచూసుకోవడానికి అవి ఉండేవి. పగలంతా మైక్రోమీటర్లతో పనిచేసిన నేను, ఎండకు వెచ్చబడిన ఆ ఇటుక కొలత మీద జాన ఆనించి కొంతసేపు నిలబడి, అయిదున్నర రైలుకు వెనక్కి వచ్చేశాను.