హై స్ట్రీట్‌లో ఓ మాంసం వ్యాపారి ఇల్లు

ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ ఊరికి వెళ్లినవాళ్లు ముందు షేక్‌స్పియర్ పుట్టిన ఇంటికే పరుగెడతారు. మేమూ అంతే. టికెట్ కొని, జనం వెనకాలే నడిచి, గదులన్నీ చూసి బయటపడ్డాం. బాగుంది, కాదనను. కానీ నేను కదలకుండా నిలబడిపోయింది మాత్రం అక్కడికి ఐదు నిమిషాల దూరంలో, హై స్ట్రీట్‌లోని హార్వర్డ్ హౌస్ ముందు. పైసా ఖర్చు లేదు.

సన్నగా, నిటారుగా ఉండే ఇల్లు. 1594, 95లలో ఊళ్లో వరసగా మంటలు లేచాయి. ఆ తర్వాత థామస్ రోజర్స్ అనే మాంసం వ్యాపారి 1596లో దీన్ని కట్టించాడు. ఆ సంవత్సరమూ, తన పేరులోని, భార్య ఆలిస్ పేరులోని పొడి అక్షరాలూ ముందు గోడ కొయ్య మీదే చెక్కించాడు. వృత్తికి గుర్తుగా ఎద్దు తల కూడా! బోర్డు ఎందుకిక? ఇతని కూతురి కొడుకే జాన్ హార్వర్డ్. అమెరికాలో కొత్తగా పెట్టిన కాలేజీకి సగం ఆస్తి, తన పుస్తకాలు రాసిచ్చి 1638లో చనిపోయాడు. కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

ఇలాంటి ఇళ్లలో బరువు మోసేది గోడ కాదు, ఓక్ కలప చట్రం. ఒక కొయ్య కొసను సన్నగా చెక్కి ఇంకోదాని తొర్రలో దూర్చి, అడ్డంగా కొయ్య మేకు దిగ్గొడతారు. మధ్య ఖాళీల్లో సన్నటి కర్రలు అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవాళ్లు. మన తడిక గోడల పనే కదా అనుకున్నాను.

ఆ మోజుతోనే బస కూడా ఓ పాత కొయ్య ఇంట్లో తీసుకున్నాం. పచ్చి కలపతో కట్టేవాళ్లు కాబట్టి ఎండేకొద్దీ వంకర్లు పోతుందట. నిజమే, కింద పెట్టిన నీళ్ల సీసా దానంతటదే కిటికీ దాకా దొర్లింది. మా గది కింది గోడ దాటి వీధిలోకి పొడుచుకొచ్చి ఉంది, చూడ్డానికి ముచ్చటే. పై గదిలో ఎవరో రాత్రంతా నడిచారు, ప్రతి అడుగూ మా తల మీదే. లిఫ్ట్ లేదని బుకింగ్‌లో ఎక్కడా చెప్పలేదు. ఇరుకు మెట్ల మీద రెండు సూట్‌కేసులు మోసేసరికి మా ఆయనకు చరిత్ర మీద ఆసక్తి పోయింది. ఈసారైతే గ్రోవ్ రోడ్ వైపు మామూలు గెస్ట్‌హౌస్ చాలు.

లండన్ మేరిల్‌బోన్ నుంచి రైళ్లున్నాయి, నేరుగా వెళ్లేవి తక్కువ. హై స్ట్రీట్‌కి మాత్రం ఉదయం ఎనిమిదిలోపే వెళ్లండి. ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడితేనే ఆ చెక్కడాలు కనిపిస్తాయి. తొమ్మిది దాటితే సరుకుల వ్యాన్లు అడ్డం.