రేసు వదిలేశాక సైకిల్ ఇంటికి: రైల్వే లగేజీ బుకింగ్ పనికొస్తుందా?

సుదూర సైకిల్ రేసును మధ్యలో వదిలేయాలా వద్దా అన్నది నడిరాత్రి ఖాళీ కడుపుతో తేల్చొద్దు. తిని, మూడు గంటలు పడుకుని చూడండి. అప్పటికీ మోకాలి వాపు తగ్గకపోయినా, చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి బ్రేకు పట్టు దొరక్కపోయినా ఆపేయాల్సిందే. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకే ప్రాణం. నిర్వాహకులకు ఫోన్ చేశాకే ట్రాకర్ (మీరెక్కడున్నారో వాళ్లకు చూపించే పరికరం) ఆపండి, లేదంటే మీకోసం వెతుకులాట మొదలవుతుంది.

దూరప్రాంతంలో ఆగిపోతే సైకిల్‌ని విశాఖపట్నం చేర్చడానికి రైలు మంచి దారే, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. టికెట్ చూపించి లగేజీగా బుక్ చేస్తే మీ రైల్లోనే బ్రేక్ వ్యాన్‌లో (సామాను పెట్టే పెట్టెలో) ఎక్కే అవకాశం ఎక్కువ. పార్సిల్‌గా ఇస్తే ఏ రైల్లో వస్తుందో చెప్పలేం. రైలు బయల్దేరే ముందు అరగంట గడువు కాగితం మీది మాట, గంటన్నర ముందే వెళ్లండి. రెండు నిమిషాలే ఆగే చిన్న స్టేషన్లను నమ్ముకోవద్దు.

అసలు ఇబ్బంది ప్యాకింగ్‌తోనే. బరువైన మూటలు మీద పడితే ముందు వంగేది వెనక డిరైల్యూర్ (గేర్లు మార్చే భాగం)ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్. డిరైల్యూర్ విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేము లోపలికి కట్టేయండి. పెడల్స్ తీసేటప్పుడు గుర్తుంచుకోండి, ఎడమది సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులైతే చక్రం తీశాక ప్యాడ్ల మధ్య అట్టముక్క తప్పనిసరి. లైటు, జీపీఎస్ మీ సంచిలోనే ఉంచుకోండి. పేరు, ఫోన్ నంబరు, గమ్యం రెండు చోట్ల రాయండి. దిగగానే రసీదుతో విడిపించుకోండి, గడువు దాటితే వార్ఫేజీ (స్టేషన్లో సామాను ఉంచినందుకు రుసుము) పడుతుంది.